ఒక్క హైడ్రోఫోన్, దారిన పోయే ఓడలు: వీటితో నీళ్ళలో ధ్వని ప్రయాణాన్ని స్టడీ చేయొచ్చా?

ప్రశ్న క్లుప్తంగా ఇది: "మా దగ్గర ఒక హైడ్రోఫోన్ (నీళ్ళలో వినే మైకు) రికార్డరు, ఒక ఏఐఎస్ (ఓడలు తమ స్థానం, వేగం రేడియోలో చెప్పే వ్యవస్థ) రిసీవరు ఉన్నాయి. నీళ్ళలో సౌండ్ పంపే ట్రాన్స్‌డ్యూసర్ కొనే స్థోమత లేదు. రికార్డర్ పెట్టిన చోటికి దగ్గర్లోనే రోజూ పెద్ద ఓడలు పోతుంటాయి. వాటి శబ్దాన్నే సోర్స్‌గా తీసుకుని ట్రాన్స్‌మిషన్ లాస్ (దారిలో శబ్దం ఎంత తగ్గిందో) కట్టొచ్చా? ఓడ సోర్స్ లెవెల్ (ఓడ దగ్గరే శబ్దం ఎంత బలమో) 180 డెసిబెల్ అని పేపర్లలో రాశారు, అందులోంచి మాకు అందిన లెవెల్ తీసేస్తే చాలు కదా?"

ఓడల శబ్దం వాడొచ్చండీ, బ్రహ్మాండంగా వాడొచ్చు. ఆ 180 లోంచి తీసివేత మాత్రం చేయకండి. ఓడ ఎంత గట్టిగా అరుస్తోందో తెలియకపోయినా జవాబు దొరికే ప్రశ్నల్ని ఎంచుకోండి, నా మొత్తం సలహా ఇదే. లెవెల్ వెనకాల పడకుండా ప్యాటర్న్ వెనకాల పడితే, ఒక్క హైడ్రోఫోన్‌తో కూడా మీరు అనుకున్నదానికంటే చాలా ఎక్కువ రాబట్టొచ్చు.

ముందు ఆ తీసివేత ఎందుకు వద్దో చెప్తాను. వాణిజ్య నౌకల సోర్స్ లెవెల్ దాదాపు 170 నుంచి 190 డెసిబెల్ దాకా ఎక్కడైనా ఉండొచ్చు (1 మీటరు దూరానికి, 1 మైక్రోపాస్కల్ లెక్కన). సైజు, వేగం, ప్రొపెల్లర్ పరిస్థితి, సరుకుతో నిండి ఉందా ఖాళీగా ఉందా, వీటన్నిటితో మారుతుంది, ఒకే ఓడ లోడుతో పోయినప్పుడు ఒకలా, ఖాళీగా తిరిగొచ్చినప్పుడు ఇంకోలా మోగుతుంది. ఆ 20 డెసిబెల్ తేడా అంటే ఏంటో చూడండి: దూరంతో పాటు లాస్ 15 లాగ్ చొప్పున (దూరం పది రెట్లయితే 15 డెసిబెల్) పెరుగుతుందనుకుంటే, 20 డెసిబెల్ తప్పు దూరంలో సుమారు 21 రెట్ల తప్పుతో సమానం. 1 కిలోమీటర్లో ఉన్న ఓడని 21 కిలోమీటర్లలో ఉందనుకున్నట్టు. నేను మొదటి సీజన్‌లో సరిగ్గా ఇదే చేశాను, నలభై పైచిలుకు ఓడలకి ఒకే సగటు సోర్స్ లెవెల్ వేసి లాస్ కట్టాను, కొన్నింటికి గోళాకార వ్యాప్తి (శబ్దం అన్ని దిక్కులకీ పరుచుకోవడం) కంటే ఎక్కువ లాస్ వచ్చింది, కొన్నింటికి స్థూపాకార వ్యాప్తి (నీటి పైభాగానికీ అడుగుకీ మధ్యే పరుచుకోవడం) కంటే కూడా తక్కువ వచ్చింది. చాలా వారాలు సముద్రం గురించి సిద్ధాంతాలు కడుతూ కూర్చున్నాక అర్థమైంది, ఆ గ్రాఫ్‌లో కనిపిస్తున్నవి ఓడకీ ఓడకీ మధ్య తేడాలే, అందులో సముద్రం లేదు.

ఇందులో ఇంకో చిక్కుముడి కూడా ఉంది. సోర్స్ లెవెల్ కొలవాలంటే ప్రొపగేషన్ (ధ్వని ప్రయాణం తీరు) తెలియాలి, ప్రొపగేషన్ తెలియాలంటే సోర్స్ లెవెల్ తెలియాలి. ఓడ శబ్దాన్ని కొలిచే ఐఎస్ఓ 17208 పద్ధతి అందుకే లోతైన నీళ్ళు కావాలంటుంది, ఓడకి పక్కన మూడు లోతుల్లో హైడ్రోఫోన్లు వేలాడదీసి 15, 30, 45 డిగ్రీల కోణాల్లో వినమంటుంది. తక్కువ లోతులో అడుగునుంచి వచ్చే ప్రతిధ్వనులన్నీ కలిసిపోతాయి కాబట్టి అక్కడ ఆ పద్ధతిని ఉన్నదున్నట్టు దించలేం.

సరే, ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఓడ మనకి ఇచ్చేది రెండు రకాల శబ్దం. ప్రొపెల్లర్ రెక్కల మీద బుడగలు పుట్టి పేలిపోతుంటే వచ్చే కావిటేషన్ శబ్దం ఒకటి, ఇది కొన్ని పదుల హెర్ట్జ్ నుంచి కొన్ని వేల హెర్ట్జ్ దాకా వెడల్పుగా పరుచుకుని ఉంటుంది, బలం మాత్రం ఎక్కువగా 100 హెర్ట్జ్‌కి అటూ ఇటూ. రెండోది సన్నని గీతల్లాంటి టోన్లు: షాఫ్ట్ నిమిషానికి 96 చుట్లు తిరుగుతూ 5 రెక్కలుంటే, 96ని 60తో భాగించి 5తో గుణిస్తే 8 హెర్ట్జ్, అది బ్లేడ్ రేట్, దాని గుణిజాలు కూడా కనిపిస్తాయి, వాటికి తోడు జనరేటర్ గీతలు. ప్రొపగేషన్ స్టడీకి మొదటి రకమే బంగారం, ఎందుకంటే ఒకేసారి వందల ఫ్రీక్వెన్సీల్లో సముద్రాన్ని పరీక్షించినట్టు అవుతుంది. ట్రాన్స్‌డ్యూసర్‌తో అంత తక్కువ ఫ్రీక్వెన్సీలో అంత వెడల్పుగా, అంత బలంగా పంపాలంటే ఎంత పెద్ద యంత్రం కావాలో ఆ పని చేసినవాళ్ళకి తెలుసు.

ఇప్పుడు ఒక ఓడ మీ రికార్డర్ దగ్గరకొచ్చి దాటిపోయే అరగంటకి స్పెక్ట్రోగ్రామ్ వేయండి. అడ్డంగా టైమ్, నిలువుగా ఫ్రీక్వెన్సీ. రంగుల స్కేల్ సరిగ్గా పెట్టుకుంటే వంపు తిరిగిన చారలు వరసగా కనిపిస్తాయి, ఓడ బాగా దగ్గరకొచ్చిన క్షణం దగ్గర కిందికి దిగి మళ్ళీ పైకి లేస్తాయి, ఇంగ్లిష్ అక్షరం యూ లాగా, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు. మొదటిసారి చూసినప్పుడు ఇది ఓడ చేసే శబ్దంలోనే ఉందేమో అనిపిస్తుంది. కాదు. ఓడ దాదాపు ఒకేలా మోగుతోంది, ఆ చారలు గీస్తున్నది సముద్రం. మీకు కావాల్సిన ప్రొపగేషన్ సమాచారం అంతా ఆ చారల్లోనే ఉంది.

దగ్గర్లో ఉన్నప్పుడు కథ సులువు. ప్రొపెల్లర్ నుంచి నేరుగా వచ్చే ధ్వని ఒకటి, నీటి పైభాగానికి తగిలి తిరిగొచ్చేది ఒకటి. పైనుంచి తిరిగొచ్చేది ఫేజ్ తలకిందులై, అంటే తరంగం ఎత్తుపల్లాలు తారుమారై, వస్తుంది. రెండు దారుల తేడా సరిగ్గా ఒక తరంగదైర్ఘ్యం అయితే రెండూ కొట్టేసుకుంటాయి, అక్కడ నల్లచార. దీన్ని లాయిడ్స్ మిర్రర్ అంటారు. ఒక లెక్క చూడండి: ప్రొపెల్లర్ 7 మీటర్ల లోతులో, హైడ్రోఫోన్ 100 మీటర్ల లోతులో, దూరం 1 కిలోమీటరు. దారి తేడా సుమారుగా 2 × 7 × 100ని 1000తో భాగించాలి, అంటే 1.4 మీటర్లు. ధ్వని వేగం సెకనుకి 1500 మీటర్లు కాబట్టి మొదటి నల్లచార 1070 హెర్ట్జ్ దగ్గర. ఏటవాలు దూరం 316 మీటర్లకి తగ్గితే అదే చార 340 హెర్ట్జ్‌కి దిగుతుంది. ఇక్కడ సోర్స్ లోతు కావాలి కదా, అది ఏఐఎస్‌లో రాదు, డ్రాఫ్ట్ (ఓడ నీళ్ళలో ఎంత లోతు మునిగి ఉందో) వస్తుంది. ఐఎస్ఓ పద్ధతిలో డ్రాఫ్ట్‌కి 0.7 రెట్లు సోర్స్ లోతుగా తీసుకుంటారు, మొదలుపెట్టడానికి అది చాలు. కానీ డ్రాఫ్ట్ అనేది ఓడ సిబ్బంది చేత్తో ఎక్కించే అంకె, పాత ట్రిప్పుది అలాగే వదిలేసిన కేసులు బోలెడు చూశాను, గుడ్డిగా నమ్మకండి.

దూరం పోయాక, అంటే నీటి లోతుకి చాలా రెట్ల దూరంలో, అడుగుకీ పైకీ తగులుతూ వచ్చే దారులు పెరిగిపోయి మోడ్ల భాషలో, అంటే పైకీ అడుగుకీ మధ్య ఇమిడి ప్రయాణించే ధ్వని నమూనాల భాషలో, మాట్లాడాల్సి వస్తుంది. ఇక్కడే వేవ్‌గైడ్ ఇన్వేరియంట్ అనే మంచి సంగతి ఉంది, రష్యన్ శాస్త్రవేత్త చుప్రోవ్ 1982లో చెప్పింది, దాన్ని బీటా అని రాస్తారు. చార వాలుని, అంటే దూరం మారినకొద్దీ ఫ్రీక్వెన్సీ ఎంత జరుగుతోందో ఆ రేటుని, ఫ్రీక్వెన్సీ బై దూరంతో భాగిస్తే వచ్చేదే బీటా. తక్కువ లోతు సముద్రంలో, ధ్వని పైకీ కిందికీ తగులుతూ పోయేచోట, ఇది దాదాపు 1. ఉదాహరణకి ఓడ 5 కిలోమీటర్లలో ఉంది, మీరు 200 హెర్ట్జ్ దగ్గర ఒక చారని పట్టుకున్నారు, ఓడ ఇంకో 500 మీటర్లు దూరం పోతే ఆ చార 20 హెర్ట్జ్ పైకి జరగాలి. జరిగిందా, బీటా 1. జరగలేదంటే అక్కడ సముద్రం ఏదో కొత్త విషయం చెప్తోంది, ధ్వని అడుగుని తాకకుండా నీళ్ళలోనే వంగుతూ పోతే బీటా నెగటివ్ కూడా అవుతుంది.

చేతిపని చిట్కా ఒకటి: టైమ్ ఇరుసుని ఏఐఎస్ సాయంతో దూరంగా మార్చి, దూరానికీ ఫ్రీక్వెన్సీకీ రెండింటికీ లాగ్ స్కేల్ పెట్టండి. అప్పుడు చారలన్నీ సమాంతరమైన తిన్నటి గీతలైపోతాయి, వాటి వాలే బీటా. ఇమేజ్ ప్రాసెసింగ్‌లో గీతల కోణం వెతికే ఏ పద్ధతైనా ఇక్కడ పనికొస్తుంది. ఇంకో హెచ్చరిక, లాయిడ్స్ మిర్రర్ చారలు కూడా ఫ్రీక్వెన్సీ దూరానికి అనుపాతంలో జరిగేవే, అంటే వాలు ఒక్కటే చూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి. తేడా చారల మధ్య ఎడంలో ఉంటుంది, మిర్రర్‌లో ఎడం సోర్స్, హైడ్రోఫోన్ లోతుల మీద ఆధారపడితే మోడ్ల చారల్లో నీటి లోతూ అడుగు స్వభావమూ నిర్ణయిస్తాయి.

చూశారా, ఇందులో ఎక్కడా 180 అనే అంకె అవసరం పడలేదు. ఓడ 170తో మోగినా 190తో మోగినా చారలు అక్కడే ఉంటాయి.

ఆ చారలతో ఏం చేస్తారు అంటే, మోడల్‌తో పోల్చండి. మైకేల్ పోర్టర్ రాసిన క్రాకెన్, బెల్‌హాప్ అనే ధ్వని ప్రయాణాన్ని లెక్కగట్టే ప్రోగ్రాములు రెండూ ఉచితంగా దొరుకుతాయి, తక్కువ ఫ్రీక్వెన్సీకి, తక్కువ లోతుకి క్రాకెన్ తీసుకోండి. నీటి లోతు, అడుగులో ధ్వని వేగం మార్చుకుంటూ ఏ కాంబినేషన్‌కి మోడల్ చారలు మీ చారల మీద కూర్చుంటాయో చూడాలి. 2017లో అమెరికా న్యూ ఇంగ్లండ్ తీరానికి దూరంగా ఉన్న మడ్ ప్యాచ్ అనే బురద ప్రాంతంలో పెద్ద ప్రయోగం జరిగింది, అక్కడ దారిన పోయే వాణిజ్య నౌకల శబ్దంతోనే అడుగు బురద లక్షణాలు రాబట్టిన గ్రూపులున్నాయి. అంటే ఇది డబ్బుల్లేక పట్టుకున్న అడ్డదారి అనుకోకండి, పూర్తిగా గౌరవమున్న పద్ధతి.

ఇక్కడ నాకు జరిగింది ఒకటి చెప్పాలి. ఒకచోట చార్టులో లోతు 42 మీటర్లు ఉంది. నా ఫిట్ మాత్రం ఎన్నిసార్లు చేసినా 45 దగ్గరే ఆగేది. అడుగులో బురద మందం తప్పు తీసుకున్నానేమో అని రెండు వారాలు దాని మీదే కూర్చున్నాను. చివరికి చూస్తే, చార్టులో రాసే లోతు బాగా నీళ్ళు తీసిన పాటు సమయంలోది, ఆ ఓడ దాటిన టైముకి పోటు 3 మీటర్లు ఉంది. ప్రతి ఓడ టైముకీ ఆటుపోట్ల ఎత్తు కలపండి, తక్కువ లోతులో అది చిన్న సవరణ కాదు.

కట్టాఫ్ గురించి తప్పకుండా తెలుసుకోండి, లేకపోతే లేని గీతల కోసం వెతుకుతారు. తక్కువ లోతు నీళ్ళలో ఒక ఫ్రీక్వెన్సీ కంటే కింద ధ్వని దూరం పోదు, అడుగులోకి కారిపోతుంది. అడుగు ఇసుక, అందులో ధ్వని వేగం సెకనుకి 1700 మీటర్లు అనుకుంటే, 100 మీటర్ల లోతుకి ఆ హద్దు 8 హెర్ట్జ్, 20 మీటర్ల లోతుకి 40 హెర్ట్జ్. అందుకే లోతు తక్కువున్నచోట 8 హెర్ట్జ్ బ్లేడ్ గీత కొన్ని కిలోమీటర్ల నుంచి వినపడదు, మీ హైడ్రోఫోన్ పాడైపోయినట్టు కాదు. మరి బ్లేడ్ రేట్ కావాలంటే? కావిటేషన్ శబ్దం రెక్క తిరిగినప్పుడల్లా ఎక్కువ తక్కువ అవుతుంటుంది, కాబట్టి పైన కొన్ని వందల హెర్ట్జ్ బ్యాండ్ తీసుకుని దాని బలం హెచ్చుతగ్గుల గీతకి, అంటే ఎన్వలప్‌కి స్పెక్ట్రమ్ కడితే 8 హెర్ట్జ్ అక్కడ బయటపడుతుంది. సోనార్ వాళ్ళు దీన్ని డెమాన్ అంటారు. తక్కువ ఫ్రీక్వెన్సీ తను రాలేకపోయినా పై ఫ్రీక్వెన్సీ భుజాలెక్కి వస్తుందన్నమాట.

మరి ట్రాన్స్‌మిషన్ లాసే కావాలి, ప్రాజెక్టులో అదే రాశాం అంటే, దానికీ దారి ఉంది. ఒకే ఓడ, ఒకే వేగంతో దూరం పోతున్నప్పుడు లెవెల్ ఎలా పడిపోతోందో వాలు మాత్రం తీసుకోండి, మొత్తం లెవెల్ వదిలేయండి. అందులోనూ ముందు వైపు, వెనక వైపు కలపొద్దు. ప్రొపెల్లర్ వెనకుంటుంది, ముందు వైపు శబ్దానికి ఓడ బాడీయే అడ్డు, వెనక వైపు 5 నుంచి 10 డెసిబెల్ ఎక్కువ వినిపించడం మామూలే. వచ్చేటప్పటి డేటానీ పోయేటప్పటి డేటానీ ఒకే గీతలో ఫిట్ చేస్తే ఆ తేడా అంతా సముద్రం ఖాతాలో పడిపోతుంది. ఎప్పుడైనా రెండో రికార్డర్ దొరికితే మాత్రం ఒకదాన్ని ఓడల దారికి దగ్గర్లో, ఇంకోదాన్ని అదే దిశలో దూరంగా పెట్టండి, రెండు లెవెల్స్ తేడా తీస్తే సోర్స్ దానంతటదే కొట్టేసుకుపోతుంది.

నీళ్ళ సంగతికొస్తే, సీటీడీ (లోతు వెంట నీటి ఉష్ణోగ్రత, ఉప్పదనం కొలిచే పరికరం) లేకుండా ఈ పని మొదలుపెట్టొద్దు అనేంత గట్టిగా చెప్తాను. ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే ధ్వని వేగం సెకనుకి దాదాపు 2 నుంచి 4 మీటర్లు పెరుగుతుంది, లోతు 100 మీటర్లు పెరిగితే 1.7 మీటర్లు మాత్రమే. అందుకే ఎండాకాలంలో పైన వేడి పొర ఏర్పడినప్పుడు ధ్వని కిందికి వంగి మాటిమాటికీ అడుగుని తాకుతుంది, లాస్ ఎక్కువ, చలికాలంలో నీళ్ళు పైనుంచి కిందిదాకా కలిసిపోయినప్పుడు అదే ఓడ చాలా దూరం వినిపిస్తుంది. రెండు సీజన్ల డేటాని ఒకే సగటులో కలిపేసిన రిపోర్టులు చూసినప్పుడు నాకు నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే ఆ తేడాయే అన్నింటికంటే విలువైన ఫలితం, దాన్నే చెరిపేశారు.

ఇక డేటాలో గోతులు. ఏఐఎస్ చెప్పే స్థానం జీపీఎస్ యాంటెన్నాది, ప్రొపెల్లర్‌ది కాదు. ఒక పెద్ద కంటైనర్ షిప్ దాటినప్పుడు నా చారల అడుగు భాగం, ఏఐఎస్ ప్రకారం దగ్గరగా వచ్చిన క్షణం కంటే 20 సెకన్లు ఆలస్యంగా వచ్చింది. క్లాక్ తప్పేమో అనుకున్నాను. కాదు, ఆ రకం ఓడల్లో బ్రిడ్జి ముందు వైపుకి ఉంటుంది, యాంటెన్నా నుంచి ప్రొపెల్లర్‌కి 200 మీటర్లు, సెకనుకి 10 మీటర్ల వేగంతో సరిగ్గా 20 సెకన్లు. యాంటెన్నా ఓడలో ఎక్కడుందో ఏఐఎస్ స్టాటిక్ మెసేజ్‌లోనే కొలతలు వస్తాయి, వాటితో స్థానాన్ని వెనక్కి జరపండి.

అలాగని క్లాక్‌ని వదిలేయకండి. ఒక పీపీఎం (పది లక్షల్లో ఒక వంతు) డ్రిఫ్ట్ అంటే రోజుకి 86 మిల్లీసెకన్లు, ఒక్క రికార్డర్‌తో చారలు చూడటానికి అది లెక్కలోకి రాదు, కానీ రెండు రికార్డర్ల మధ్య టైమ్ తేడాలు తీస్తే 86 మిల్లీసెకన్లు అంటే 130 మీటర్ల తప్పు. దించేముందూ తీశాకా జీపీఎస్ టైముతో రెండిటికీ వినిపించేలా ఒక గుర్తు శబ్దం కొట్టి పెట్టుకోండి.

ఏఐఎస్ తప్పనిసరి అన్నది ప్రధానంగా అంతర్జాతీయ ప్రయాణాల్లో 300 గ్రాస్ టన్నులు, ఆపైన ఉన్న ఓడలకి. చిన్న పడవల్లో చాలావాటికి ఉండదు, అవి మీ మ్యాప్‌లో కనపడవు గానీ రికార్డింగ్‌లో ఘొల్లుమంటాయి. కాబట్టి మ్యాప్ ఖాళీగా ఉందని నమ్మకుండా ప్రతి క్లిప్‌నీ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఒకసారి వినండి, ఔట్‌బోర్డ్ మోటార్ సన్నగా రొద పెడుతుంది, చెవి ఇట్టే పట్టేస్తుంది. ప్రవాహం గట్టిగా ఉన్నప్పుడు తాడు కంపించి తక్కువ ఫ్రీక్వెన్సీలో వచ్చే గుయ్‌మనే శబ్దం కూడా ఓడలాగే అనిపిస్తుంది, కానీ అది ఆటుపోట్లతో పాటు వచ్చిపోతుంది, అలా గుర్తుపట్టండి.

ఓడల శబ్దం వాడటం మీద నాకు ఇంత ఇష్టం ఎందుకో కూడా చెప్తాను. 1991లో హర్డ్ ద్వీపం దగ్గర, దక్షిణ హిందూ మహాసముద్రంలో, 57 హెర్ట్జ్ శబ్దం పంపితే అట్లాంటిక్‌లోనూ పసిఫిక్‌లోనూ వినపడింది. అద్భుతమైన ప్రయోగం, కానీ తర్వాత 75 హెర్ట్జ్‌తో దాన్ని కొనసాగించబోతే తిమింగలాల సంగతేంటని పెద్ద అభ్యంతరాలొచ్చాయి, ఆ అభ్యంతరాల్లో న్యాయముంది. కాలిఫోర్నియా తీరంలో ఒకచోట 1960ల్లో కొలిచినదానికంటే 2003–04లో 30 నుంచి 50 హెర్ట్జ్ మధ్య శబ్దం 10–12 డెసిబెల్ పెరిగిందని తేలింది, కారణం ప్రధానంగా ఓడలే. 2001 సెప్టెంబర్ 11 తర్వాత కెనడా బే ఆఫ్ ఫండీలో కొద్దిరోజులు ఓడలు తగ్గితే శబ్దం 6 డెసిబెల్ పడిపోయింది, అక్కడి రైట్ తిమింగలాల్లో ఒత్తిడి హార్మోన్లు కూడా తగ్గాయి. ఇప్పటికే అంత మోత ఉన్నచోట మన వంతు శబ్దం ఒక్క చుక్క కూడా కలపకుండా, ఉన్నదాన్నే విని సముద్రం గురించి నేర్చుకోగలగడం నాకు చాలా విలువైన విషయం.

మీ రికార్డర్ దించడానికి ముందు ప్రాక్టీస్ కావాలంటే స్వెల్‌ఎక్స్-96 డేటా తీసుకోండి, 1996లో శాన్ డియాగో దగ్గర రికార్డ్ చేసింది, అందరికీ అందుబాటులో ఉంది, అందులో సోర్స్ ఎక్కడుందో తెలుసు కాబట్టి మీ కోడ్ తప్పా ఒప్పా అక్కడే తేలిపోతుంది. తర్వాత మీ డేటాలో ఒకే ఒక్క ఓడతో మొదలుపెట్టండి: గాలి తక్కువున్న రాత్రి, 10 కిలోమీటర్లలోపు ఇంకో ఓడ లేకుండా, వేగం మార్చకుండా తిన్నగా పోయిన పెద్ద ఓడ. 4 కిలోహెర్ట్జ్‌కి డౌన్‌శాంపిల్ చేసి, 1 సెకను విండోతో స్పెక్ట్రోగ్రామ్ కట్టి, ప్రతి ఫ్రీక్వెన్సీకీ ఆ అరగంట సగటు లెవెల్ తీసేయండి, ఓడ టోన్లూ హైడ్రోఫోన్ రెస్పాన్సూ అణిగిపోయి చారలు పైకి తేలతాయి. నీటి లోతు, హైడ్రోఫోన్ అడుగునుంచి ఎంత ఎత్తులో ఉందో మీరు రాయలేదు, ఆ రెండూ ఆ ప్లాటూ ఇక్కడ పెడితే అవి మిర్రర్ చారలా మోడ్ల చారలా కలిసి చూద్దాం.